కుర్చీల సారు కట్టిన నేస్తరికం

మా బడిలో నా స్థానంలోకి వస్తున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. అరకు కొండల్లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల, తెలుగు సబ్జెక్టు, ఆర్డరు చేతికొచ్చింది. గొంతు వింటే శిక్ష పడ్డట్టుంది. "మేడమ్, అక్కడి పిల్లలు ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడతారట కదా. వాళ్ళకి పాత నాటకాలు, ప్రబంధాలు చెప్పి ఏం లాభం?" అని అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. రాస్తున్నాను.

నాకు ఏ ఇంక్రిమెంటు ఎప్పుడొచ్చిందో, ఏ జీవోతో ఎవరి సీనియారిటీ మునిగిందో ఇందులో ఉండదు. దానికి మా పెన్షనర్ల సంఘం ఉంది. రోజూ సాయంత్రం పార్కు బెంచీ మీద అదే పారాయణం. నేను చెప్పేది అసలు ఉద్యోగం గురించి.

మర్యాదగా చాడీలు చెప్పుకునే పీరియడు

తెలుగు టీచరు పని గణాలూ సంధులూ చెప్పడమని మీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. చెప్పండి, సిలబస్ కదా. పరీక్ష అయిన మర్నాడు పిల్లలు మర్చిపోతారు. రిటైరైన మర్నాడు మనమూ మర్చిపోతాం. నన్నెవరైనా ఇప్పుడు సవర్ణదీర్ఘం అడిగితే కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మిగిలేది వేరే ఉంది. మనిషి నోటితో ఒకటి అంటూ మనసులో ఇంకొకటి దాచుకుంటే దాన్ని పసిగట్టడం. మన పాత సాహిత్యం సగం ఆ పని మీదే నడిచింది. మంత్రి రాజుని ఎందుకు పొగిడాడు? దూత సగం కబురే ఎందుకు చెప్పాడు? అడగకుండా వరం ఇస్తానన్నవాడు దేనికోసం వచ్చాడు? రాణిని ముఖం మీదే మందలించే చెలికత్తె చివరి అంకం దాకా ఆమెతో ఎందుకుంది, పూలు జల్లిన వాళ్ళంతా ఎటుపోయారు? వీటిని పెద్దవాళ్ళు కావ్యపరిశీలన అంటారు. నేను చాడీలంటాను. బతికున్న వాళ్ళ మీద చెప్పుకుంటే గొడవలొస్తాయి కాబట్టి, ఎప్పుడో పోయినవాళ్ళ మీద చెప్పుకోమని గవర్నమెంటు మనకి జీతమిచ్చింది.

నా క్లాసులో పాఠం ఏదైనా బోర్డు మీద మొదట రాసేది ఒకటే ప్రశ్న: "ఎవరికేం కావాలి?" పద్యం చదివాక పిల్లలు ఒక్కొక్కరూ లేచి, ఈ మాటన్నవాడికి ఏం కావాలో చెప్పాలి. తప్పు జవాబు ఉండదు. కాకపోతే పద్యంలోంచి సాక్ష్యం చూపించాలి. మొదటి నెల నోరు విప్పరు. రెండో నెల నుంచి ఆపలేం.

ఒకసారి ఇన్స్పెక్షన్ ముందు క్లాసులోకి వెళ్ళి, "మీ అంత చురుకైన పిల్లల్ని నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాను. వెనక బెంచీలోంచి సుకిరి లేచింది. తొమ్మిదో తరగతి, రెండు జడలు, ముక్కు మీద కోపం. "మేడమ్, ఊరికినే పొగుడుతున్నారు. ఏటి కావాల మీకు?" అంది. క్లాసంతా గొల్లుమంది. నాక్కావలసింది బడి ముందు కలుపు పీకించడం. చెప్పేశాను. వాళ్ళు పీకారు కూడా. కానీ ఆ రోజు నుంచి పొగడ్త అనే ఆయుధం నా చేతిలోంచి పోయింది. మీకూ పోతుంది, ముందే తెలిసుంటే మంచిది.

శాలువా అనే బలహీనత

పైవాళ్ళ గురించి కూడా ఒక మాట. అప్పటి మా హెడ్మాస్టరు గారు వెన్నలాంటి మనిషి. ఒక్క శాలువా దగ్గరే కరిగిపోయేవారు. పనుండి బడికి వచ్చినవాడెవడైనా శాలువా పట్టుకొచ్చేవాడు. ఆయన అటు ఇటు చూసి, "అయ్యో, ఇప్పుడివన్నీ ఎందుకండీ" అంటూ మెడ ముందుకి వంచేవారు. అన్నీ జిగేల్మనే పట్టు శాలువాలు. మా కొండల చలికి ఒక్కటీ ఆగేది కాదు. డిసెంబరులో పాపం ఆయన వాటిని కప్పుకుని వణికేవారు.

దుర్మార్గుడు కాదాయన. పొగడ్తకి లొంగే పైఅధికారితో బతకడం సులువే. ఎవరూ శాలువా కప్పని రోజు చూసి సెలవు చీటీ పెట్టకుండా ఉంటే చాలు. అసలు ప్రమాదం ఆయనకి శాలువా తెచ్చేవాడితో. అలాంటివాడే ఒకాయన మా బడికి వచ్చాడు.

ఉప్పులేని అంబలి

పేరు ప్రసాద్. విశాఖలో హోటళ్ళున్నాయి. ఒక సోమవారం లారీ నిండా ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి బడిలో దింపించాడు. మా పిల్లలు నేల మీద కూర్చుని తినడం చూసి మనసు కలుక్కుమందని మైకులో చెప్పాడు. హెడ్మాస్టరు గారికి శాలువా పడింది. పిల్లలు ఆయనకి అక్కడికక్కడే కుర్చీల సారని పేరు పెట్టారు.

చేసింది మంచి పనే, కాదనను. కానీ మూడు వారాలు తిరక్కుండా సుకిరి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, కుర్చీల సారు మా ఇంటికి వత్తన్నారు."

"ఎందుకే?"

"మా అయ్యతో కింద కూకుని చోడి అంబలి తాగుతున్నారు. బాగుంది, బాగుంది అంటన్నారు."

"రాగి అంబలి బాగానే ఉంటుందిగా."

"మా నాయనమ్మ ఉప్పెయ్యడం మర్సిపోనాది మేడమ్. అయినా బాగుందన్నారు."

నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఉప్పులేని అంబలిని మెచ్చుకునేవాడు ఏ కావ్యంలోనూ ఊరికే రాడు. "సాక్ష్యం ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"మా తోట మలుపు కాడ నిలబడి ఫోటోలు తీసుకున్నారు. మనుసులెవురూ లేకుండా తీసుకున్నారు. మా అయ్య నిలబడితే పక్కకి జరగమన్నారు."

సుకిరి వాళ్ళ నాన్న గాసికి ఘాట్ రోడ్డు మలుపు మీద కాఫీ తోట ఉంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు, కింద కాఫీ. అక్కడ నిలబడితే లోయ మొత్తం కాళ్ళ దగ్గర పరుచుకున్నట్టుంటుంది. వలిసె చేలు పసుపుపచ్చగా పూసే కాలంలో టూరిస్టులు కార్లు ఆపేసి ఒకటే కేకలు. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదని చట్టం. కొనరు. గిరిజనుడి పేరు మీదే అంతా ఉంచి, ఒక ఒప్పందం కాగితం రాయించుకుంటారు. పేరు ఆయనది, తాళాలు వీళ్ళవి.

అలాంటి కాగితం మీద సంతకం పెట్టిన మనిషిని నేను ఎరుగుదును. నా పాత విద్యార్థిని తండ్రి. పక్క లోయలో తన తోటలోనే లేచిన రిసార్టు గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఒకసారి అటు వెళితే నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "లోపటికి రండి అని పిలవాలనుంది మేడమ్. నా తోటలోకి నాను పిలవడానికి లేదు" అన్నాడు. గాసికి ఆ గతి పట్టకూడదని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

కాదనలేని మనిషి

ఆదివారం గాసి ఇంటికి నడిచాను. ఇంటి ముందు అరుగు మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. గాసి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. నేను క్లాసులో చెప్పినట్టే అన్నీ విడమరిచి చెప్పాను. కారణం లేని పొగడ్త, అడగని ఉపకారం, ఖాళీ ఫోటోలు. నా ఉపన్యాసం నాకే ముచ్చటేసింది.

గాసి అంతా విని, "సారు మంచోడు మేడమ్" అన్నాడు. "నా పక్కన మట్టిలో కూకుంటాడు. ఇన్నేళ్ళలో ఏ ఆపీసరూ అలగ కూకోనేదు. ఆయన నోరిప్పి ఏటన్నా అడిగితే కాదని ఎలగంతాను?"

"కాగితం అడుగుతాడు గాసీ."

"అడిగితే సంతకం ఎట్టెయ్యాల మరి. మొకం మీద కాదంటే బాగుంటాదేటి?"

అదీ సంగతి. గాసి అమాయకుడు కాదు. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతే చూడలేడు. అలాంటివాడికి మోసం గురించి ఎంత చెప్పినా లాభం లేదు.

గుమ్మంలో కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతున్న సుకిరి నాయనమ్మ మంగ్లమ్మ అప్పటిదాకా నోరెత్తలేదు. అప్పుడు తలెత్తి, "ఆ సారు నా కొడుకుతో నేస్తం కడతానంతన్నాడు పంతులమ్మా" అంది.

మా కొండల్లోనూ, కింద శ్రీకాకుళం వైపు ఊళ్ళలోనూ నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. పదిమంది ముందు బట్టలు పెట్టుకుని, ఒక ఆకులో తిని కట్టుకునే బంధం. నెత్తురు చుట్టరికం కన్నా ఒక మెట్టు పైన. ఇప్పుడే కాదనలేనివాడు, నేస్తం అయ్యాక ఇంకేం అనగలడు?

"ఆపండమ్మా ఆ పని!" అన్నాను.

"ఎందుకాపడం?" అంది ముసలమ్మ. చేట ఒకసారి ఎగరేసి పొట్టు ఊదింది. "నా కొడుకు కాదనలేడు. నేస్తరికం కాదంతాది."

తర్వాత ఆవిడ వాళ్ళ ఊరి కట్టుబాటు చెప్పింది. నేస్తాలు ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు, నేస్తం అనే పిలుచుకోవాలి. చావుకైనా పెళ్ళికైనా కబురందితే రావాలి. ఇద్దరి మధ్యా బేరం ఉండకూడదు. అన్నిటికన్నా పెద్దది, కాగితం ఉండకూడదు. కాగితం పరాయివాళ్ళకి. నేస్తం దగ్గర కాగితం తీసినవాడు ఆ నేస్తం చచ్చిపోయాడని చాటినట్టే. ఊరందరికీ చావు భోజనం పెట్టి, బంధం తెంచుకుని పోవాలి. ఆపైన చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ వాడికి మంచినీళ్ళు పుట్టవు.

నేనూ మంగ్లమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళూ ప్రబంధాల్లో మంత్రాంగం పాఠం చెప్పానే గాని, నేనెప్పుడూ మంత్రాంగంలో కూర్చోలేదు. చాలా బాగుంది.

నేను ఆడని అబద్ధం

ఆ వారమే ప్రసాద్ గారు స్టాఫ్ రూముకి వచ్చాడు. చేతిలో స్వీటు పొట్లం. "మేడమ్, మీరు ఇక్కడ ఎంతో కాలంగా ఉన్నారు. వీళ్ళ నమ్మకం పూర్తిగా సంపాదించాలంటే ఏం చెయ్యాలంటారు?" అన్నాడు.

"నేస్తం కట్టుకోండి. ఇక్కడ అంతకు మించిన నమ్మకం లేదు" అన్నాను.

"అదే అనుకుంటున్నానండీ. కానీ కొంచెం ఆలోచిద్దామని..."

"మంచిపనికి ఆలస్యం ఎందుకండీ?"

ఇందులో ఒక్క అబద్ధం ఉందేమో వెతకండి. అడిగినదానికి జవాబు చెప్పాను, అడగనిదానికి చెప్పలేదు. కిటికీ పక్కనుంచి వెళుతూ విన్న సుకిరి, ఆయన వెళ్ళాక తల లోపలికి పెట్టింది. "మేడమ్, మీకేటి కావాల?" అంది. స్వీటు చేతిలో పెట్టి పొమ్మన్నాను.

కాఫీ పళ్ళ కోత అయ్యాక, గాసి ఇంటి ముందు నేస్తం కట్టారు. ఊరంతా వచ్చింది. జీలుగు కల్లు దిగింది. గాసి ప్రసాద్ గారికి పంచె, తువ్వాలు పెట్టాడు. ప్రసాద్ గారు గాసికి ఖరీదైన ప్యాంటు, షర్టు పెట్టాడు. నడుముకి రెండు చుట్లు ఎక్కువే. మా హెడ్మాస్టరు గారు పెద్దమనిషి హోదాలో వచ్చి, అలవాటు కొద్దీ మెడ వంచి నిలబడ్డారు. ఆ రోజు ఆయనకి ఎవరూ ఏమీ కప్పలేదు.

తర్వాత మంగ్లమ్మ లేచి, వాళ్ళ భాషలో కట్టుబాట్లన్నీ ఒకటొకటిగా చదివింది. ప్రసాద్ గారు ప్రతిదానికీ తలూపాడు. మధ్యలో సుకిరి వైపు వంగి, "ఏమంటోందమ్మా పెద్దావిడ?" అన్నాడు.

"ఒకరి పేరు ఒకరు పలక్కూడదంట సారూ. కబురొత్తే రావాలంట. ఇంకా ఉన్నాయి. అన్నీ సెప్పమంటారా?"

"వద్దులే తల్లీ, అన్నీ మంచిమాటలే కదా" అని గడియారం చూసుకున్నాడు. అందరి ముందూ "సరే, సరే" అని గట్టిగా అన్నాడు కూడా. చెప్పడానికి పిల్ల సిద్ధంగానే ఉంది, వినడానికి ఆయనకి తీరిక లేదు. నాకు తెలిసిన పాత కథల్లో తొందరపడిన ప్రతివాడూ సరిగ్గా ఇక్కడే జారాడు. ఆపైన థింసా మొదలైంది. ఆడవాళ్ళు ఆయన్ని వరసలోకి లాగారు. ఆయన కుడికాలు వెయ్యాల్సిన చోట ఎడమ కాలు వేస్తూ చివరిదాకా ఆడాడు. పక్కన గాసి ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు నేను చూశాను గాని, అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

చావు భోజనం ఎప్పుడు?

నెల తిరిగాక ఆయన ప్లాస్టిక్ ఫోల్డరు, పెన్ను పట్టుకుని వచ్చాడు. మంగ్లమ్మ కబురంపిందని నేనూ వెళ్ళాను. ఈ సరదా వదులుకునేదాన్ని కాదు.

"నేస్తం, చిన్న ఫార్మాలిటీ" అంటూ కాగితాలు తీశాడు. అరుగు మీద కబుర్లాడుతున్న వాళ్ళంతా ఆ కాగితాల వైపు తిరిగారు. గాసి నవ్వు ఆగిపోయింది.

మంగ్లమ్మ దగ్గరికి వచ్చి కాగితాన్ని వేలితో తాకకుండా చూసింది. "ఇదేటి నాయినా?"

"ఏం లేదు పెద్దమ్మా, మన తోట గురించే. మన మంచికే."

"ఎవురు సచ్చిపోనారు?"

"అదేంటి?"

"నేస్తం కాడ కాగితం తీస్తే నేస్తం సచ్చిపోనట్టే కదా. నాను అందరి ముందూ సెప్పాను, నువ్వు సరే అన్నావు. నా కొడుకు ఇక్కడే కూకున్నాడు, ఊపిరి ఆడుతున్నాది. నువ్వు సచ్చాడంతే సరే. సావు కూడు ఎప్పుడు పెడతావో సెప్పు, బేగి సెప్పు. పంది కావాల, బియ్యం కావాల, కల్లు కావాల."

వెనక నుంచి ఎవరో, "రెండు పందులు కావాల. ఊరు పెద్దది" అన్నారు. ఇంకొకరు ఏడుపు పాట ఎత్తుకోబోతే పక్కవాళ్ళు ఆపారు. ప్రసాద్ గారు అందరి ముఖాలూ చూశాడు. గాసి వైపు చూశాడు. గాసి మాత్రం తల వంచుకుని, నేస్తం పెట్టిన ఆ వదులు ప్యాంటు నడుము దగ్గర మడత సర్దుకుంటున్నాడు. కాగితాలు ఫోల్డరులోకి వెళ్ళిపోయాయి.

కారు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "మేడమ్, మీకు ముందే తెలుసు కదా. ఒక్క మాట చెప్పలేదేం?"

"మీరు నమ్మకం ఎలా వస్తుందని అడిగారు. వచ్చింది కదండీ" అన్నాను.

మర్నాడు క్లాసులో ఈ కథంతా నాటకంలా ఆడి చూపించాను. పిల్లలు బల్లలు చరిచారు. సుకిరి ఒక్కతే నవ్వలేదు. పీరియడు అయ్యాక వచ్చి, "మా అయ్య మిరియాలు తీసి పక్కన ఎట్టాడు మేడమ్, నేస్తానికని. కారు సప్పుడైతే రోడ్డు మీదకి ఎల్లి సూత్తన్నాడు" అంది.

బోర్డు మీద రోజూ రాసే ప్రశ్న నేను అందరి గురించీ వేశాను. గాసికేం కావాలో అడగలేదు. ఆయనకి కావలసింది నేస్తమే. దొరికింది, మేం తరిమేశాం. తోట నిలిచినందుకు సంతోషంగా ఉన్నా, ఆ మిరియాల మాట విన్నాక అన్నం సహించలేదు.

కబురందాక

వానాకాలం మొదట్లో మిరియాల తీగ కట్టడానికి సిల్వర్ ఓక్ చెట్టెక్కి గాసి జారిపడ్డాడు. నడుము దెబ్బ. కాళ్ళు కదలట్లేదు. ముందురోజు వానకి ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి దారి మూసుకుపోయింది. అంబులెన్సు అవతలే ఆగిపోయింది.

నేను వెళ్ళేసరికి మంగ్లమ్మ డోలీకి కర్ర సిద్ధం చేయిస్తోంది. ఒక గుంటడి చేత ఫోన్ చేయించి, "నేస్తానికి కబురు పెట్టాం" అంది.

"ఆయన రాడమ్మా" అన్నాను. కసితో అన్న మాట కాదు. చదివిందంతా అదే చెబుతోంది. పని చెడ్డాక కపటమిత్రుడు తిరిగొచ్చిన కథ నేను ఒక్కటీ చదవలేదు.

"కబురెట్టడం మన వంతు" అంది ఆవిడ.

డోలీ ఎత్తేలోపు ఆయన వచ్చాడు. ఆ పొద్దున పని మీద అనంతగిరిలోనే ఉన్నాడట. కారు చరియ అవతల వదిలేసి, బురదలో మోకాళ్ళ దాకా దిగబడుతూ పైకి నడిచాడు. ఒక చెప్పు లేదు. వస్తూనే డోలీ కర్ర కిందకి భుజం పెట్టాడు. అలవాటు లేని భుజం. ఊరి కుర్రాళ్ళతో అడుగు కలవలేదు, థింసాలో కలవనట్టే. అయినా మార్చుకోమంటే వదల్లేదు.

మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగారు. మబ్బు కొంచెం తెరిపిచ్చి లోయ కనిపించింది. ప్రసాద్ గారు తల తిప్పి ఆ లోయ వంకా, తోట వంకా చూశాడు. ఆ చూపు ఏమిటో నాకు తెలిసింది. ఖాళీ ఫోటోలు తీయించిన ఆశే అది, ఎక్కడికీ పోలేదు. అంతలో డోలీలో గాసి మూలిగాడు. ఆయన మళ్ళీ భుజం పెట్టాడు.

తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గాసి బతికాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు. తోట గాసిదే, ఇప్పుడు లెక్కలూ కూలీలూ సుకిరి చూసుకుంటోంది. ప్రసాద్ గారి రిసార్టు వేరే ఎక్కడో కింద వచ్చింది. ఏటా కోతలకి వస్తాడు, కుర్చీ ఒకటి కారులోంచి తనే దించుకుని మలుపు దగ్గర వేసుకుంటాడు. ఆ కుర్చీ పక్కనే గాసి నేల మీద కూర్చుంటాడు. మంగ్లమ్మ ఆయన అంబలిలో ఉప్పు ఇప్పుడు కావాలనే మర్చిపోతుంది.

కొత్త పంతులమ్మా, మీరు వెళ్ళాక బోర్డు మీద ఆ ప్రశ్న రాయండి. పిల్లలకి పనికొస్తుంది, నాది హామీ. కానీ జవాబు దొరకగానే పుస్తకం మూసెయ్యకండి. ఒకే మనిషిలో రెండు కోరికలు ఉంటాయి. ఒకటి రెండోదాన్ని చంపాలని లేదు. ఇది నేను ఏ కావ్యంలోనూ చదవలేదో, చదివి కూడా దాటేశానో ఇప్పుడు చెప్పలేను. నేను నేర్చుకున్నది విశాఖలో ఒక ఆసుపత్రి గుమ్మంలో.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. గాసిని స్ట్రెచరు మీద లోపలికి తోశారు. సుకిరి వెంట వెళ్ళింది. కౌంటరు దగ్గర ప్రసాద్ గారు నిలబడ్డాడు, ఒంటినిండా బురద, ఒక కాలికి చెప్పు లేకుండా. నేను వెనక బల్ల మీద కూలబడ్డాను. అక్కడ ఊరివాళ్ళెవరూ లేరు. మంగ్లమ్మ కొండ మీద ఉంది. కట్టుబాటు తప్పినా అడిగేవాళ్ళు లేరు.

"పేషెంటు పేరు?" అంది కౌంటరులో అమ్మాయి.

ప్రసాద్ గారు నోరు తెరిచి, మూశాడు.

"పేరండీ" అని ఆ అమ్మాయి విసుక్కుంది. వెనక వరస పెరుగుతోంది.

ఆయన వెనక్కి తిరిగి నా కోసం వెతికాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, మీరొచ్చి చెప్పండి" అన్నాడు. "ఆ పేరు నేను పలక్కూడదు."

నేను లేచి వెళ్ళి చెప్పాను.